కొన్నవారి సాక్ష్యం, అమ్మేవాని జవాబు

పూర్వం ఒక ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి దర్జీ కావలసి వస్తే మస్జిదు గుమ్మం దగ్గర కలిసిన పెద్దలను అడిగేవాడు. "ఫలానా వీధిలో ఉన్నాడు. చెయ్యి మంచిదే, కాని చెప్పిన రోజుకు ఇవ్వడు" అని ఒకరు చెప్పేవారు. ఆ మాటలో మెచ్చుకోలూ ఉన్నది, హెచ్చరికా ఉన్నది. చెప్పినవారెవరో, వారి మాటకు ఎంత విలువ ఇవ్వవచ్చునో అడిగినవానికి తెలిసేది. నేడు జనం అదే ప్రశ్నను చేతిలోని ఫోనును అడుగుతున్నారు. గూగుల్ పటంలో దుకాణం పేరు పక్కన ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు, వాటి కింద కొన్నవారు వ్రాసిన అభిప్రాయాలు కనిపిస్తాయి. వీటినే రివ్యూలు అంటున్నారు. ఇవి కూడ సాక్ష్యాలే. అయితే సాక్షి ముఖం కనిపించదు. ఈ వ్యవహారంలోని చిక్కులు చాలవరకు ఇందువల్లనే ఏర్పడుతున్నాయి.

ఈ నక్షత్రాల వల్ల చిన్న వర్తకునికి కలిగే లాభనష్టాలు ఊహ మాత్రం కావు. హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన మైకేల్ లూకా అమెరికాలోని సియాటిల్ నగరపు హోటళ్ల రాబడిని, యెల్ప్ అనే సంస్థ చూపే నక్షత్రాలతో పోల్చి 2011లో ఒక పరిశోధన వెలువరించాడు. ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం వరకు పెరుగుతున్నదని అందులో తేలింది. అంతకంటె గమనించదగినది మరొకటి ఉన్నది. ఈ పెరుగుదల ఒంటరిగా నడిచే హోటళ్లలోనే కనిపించింది గాని, ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీల హోటళ్లలో కనిపించలేదు. పెద్ద కంపెనీ పేరు జనానికి ముందే తెలుసు. చిన్నవాని పేరు ఎవరో ఒకరు చెబితే గాని తెలియదు.

సగటు లెక్క కూడ చిన్నవానినే ఎక్కువగా కుదుపుతుంది. పది మంది ఐదేసి నక్షత్రాలు ఇచ్చిన దుకాణానికి పదకొండవ మనిషి ఒక్కటే ఇస్తే సగటు 4.6కు దిగుతుంది. రెండు వందల మంది ఐదేసి ఇచ్చిన చోట అట్టి మనిషి ఒకడు చేరినా సగటు 4.98 దగ్గర నిలుస్తుంది. కనుక నిజమైన అభిప్రాయాలు ఎక్కువగా వచ్చేటట్లు చూసుకోవడం వర్తకుని మొదటి పని. బట్ట చేతికిచ్చేటప్పుడు "మీకు ఎలా ఉన్నదో వ్రాయండి" అని అడగవచ్చును. గూగుల్ ఇచ్చే క్యూఆర్ గుర్తును అచ్చు వేయించి గల్లాపెట్టె దగ్గర అంటించవచ్చును. అయితే అడిగితే అందరినీ అడగాలి. సంతోషంగా కనిపించినవారినే ఏరి అడగడం, నక్షత్రాలిస్తే ధర తగ్గిస్తామనడం గూగుల్ నియమాలకే విరుద్ధం.

బంధుమిత్రుల చేత పొగడ్తలు వ్రాయించుకోవడం, డబ్బిచ్చి వాటిని కొనడం ఇంకా పెద్ద తప్పు. 'నజష్' అనే మాట ఈ పాఠకులకు తెలిసినదే. కొనే ఉద్దేశం లేకుండా, ఇతరులను ఉసికొల్పడానికి ధర పెంచి పలకడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. లేని గుణాలు చెప్పి సరుకును పొగిడి, కొనేవానిని బుట్టలో వేయడాన్ని కూడ ధర్మశాస్త్రవేత్తలు ఈ కోవలోనే చేర్చారు. ఏనాడూ ఆ గడప తొక్కని మనిషి ఇచ్చే ఐదు నక్షత్రాలకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. దేశచట్టం కూడ ఇదే చెబుతున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు, ఇంటర్నెట్ ద్వారా అమ్మేవాడు తానే కొనుగోలుదారునిగా నటించి రివ్యూ వ్రాయడాన్ని నిషేధించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో రివ్యూల కోసం వెలువరించిన ఐఎస్ 19000 ప్రమాణం, డబ్బిచ్చి కొన్న రివ్యూలను ప్రచురించరాదని చెబుతున్నది.

ఇక చెడ్డ రివ్యూ మాట. "వెనుక నుంచి మా పరువు తీశాడు, ఇది గీబత్ కాదా?" అని అడిగే వర్తకులు ఉన్నారు. ఇమామ్ నవవీ తమ రియాజుస్సాలిహీన్ గ్రంథంలో, ఒకరి లోపాన్ని పరోక్షంలో చెప్పడానికి అనుమతిగల సందర్భాలను ఆరింటిని పేర్కొన్నారు. అన్యాయానికి గురైనవాడు న్యాయాధికారికి మొరపెట్టుకోవడం వాటిలో ఒకటి. నష్టపోబోయేవారిని హెచ్చరించడం మరొకటి. రివ్యూ ఈ హెచ్చరికకు చేరువగా ఉన్నది. అడ్వాన్సు తీసుకొని పండుగనాటికి బట్ట ఇవ్వని దర్జీని గురించి ఉన్నది ఉన్నట్లు వ్రాసినవాడు హద్దు దాటలేదు. అతని ఇంటివారిని, పుట్టుకను తిట్టినవాడు దాటాడు. జవాబిచ్చే వర్తకునికి కూడ ఇదే హద్దు.

రంజాన్ ముగిశాక ఒక దర్జీ దుకాణం మీద ఇట్టి రివ్యూ వచ్చిందనుకొందాం: "చాంద్ రాత్ పదకొండు గంటలకు షేర్వాణీ ఇచ్చారు. చేతులు పొట్టి. మా అబ్బాయి పాత బట్టలతోనే ఈద్గాకు వెళ్లాడు." మండిపడిన యజమాని, "నిన్ను ఎదుటి దుకాణంవాడు పంపాడని మాకు తెలుసు. నీవే ఇంకా మూడు వందలు బాకీ" అని వ్రాస్తాడు. ఫిర్యాదు చేసిన మనిషి ఎలాగూ మళ్లీ రాడు; ఆ జవాబును చదివేది రేపు షేర్వాణీ కుట్టించుకోవాలని దుకాణం వెదికేవారు. పైగా బాకీ మాట నలుగురిలో పెట్టడం మరీ తప్పు. గిరాకీ ఫోను నంబరు, కొలతలు, లెక్కలు దుకాణంలో అమానతు. దవాఖానా నడిపేవారికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. కోపంలో వ్రాసిన ఒక్క మాటతో రోగి గుట్టు ఊరందరికీ తెలుస్తుంది.

అదే యజమాని ఒక రోజు ఆగి, పుస్తకం తీసి చూసుకొని ఇలా వ్రాయవచ్చును: "షేర్వాణీ ఆలస్యమైన మాట నిజం. తప్పు మాది. ఆ వారంలో మేము కుట్టగలిగినదానికి మించి బట్ట ఒప్పుకొన్నాము. చేతులు సరిచేసి ఇస్తాము, కూలి తీసుకోము. వచ్చే సంవత్సరం ఇరవయ్యో రోజా తరువాత కొత్త బట్ట తీసుకోము." కొత్త గిరాకీకి కావలసినది ఆ చివరి వాక్యం. నిలబెట్టుకోలేనివాడు దానిని వ్రాయకపోవడమే మంచిది. తగవు తీరిన తరువాత, రివ్యూను మార్చమని ఒకసారి మర్యాదగా అడగవచ్చును. కాని డబ్బు వాపసు ఇవ్వడానికి దానిని షరతుగా పెట్టరాదు.

కొన్ని రివ్యూలు నిజంగానే అబద్ధాలు. బోస్టన్ నగరపు హోటళ్ల మీద యెల్ప్‌కు వచ్చిన రివ్యూలలో సుమారు 16 శాతాన్ని ఆ సంస్థే అనుమానించి పక్కన పెట్టిందని లూకా, జార్జియోస్ జెర్వాస్ 2016లో ప్రకటించిన పరిశోధన చెబుతున్నది. అట్టిది కనబడితే ముందు రసీదు పుస్తకం చూడాలి. పేరు, తేదీ దొరకకపోతే, "ఈ వివరాలతో మా దగ్గర బట్ట ఇచ్చినట్లు లేదు; రసీదుతో వస్తే తప్పక చూస్తాము" అని వ్రాసి, గూగుల్‌కు రిపోర్టు చేయాలి. దొంగ రివ్యూను, బూతును, సంబంధం లేని మాటను ఆ సంస్థ తొలగించవచ్చును. యజమానికి నచ్చనంత మాత్రాన తొలగించదు. డబ్బు పంపకపోతే ఒక్కొక్క నక్షత్రం వేయిస్తామని బెదిరించేవారూ ఉన్నారు. వారికి పైసా ఇవ్వకుండా, పంపిన సందేశాలను భద్రపరచి పోలీసులకు, 1930 సైబర్ సహాయ నంబరుకు తెలపాలి.

అన్నిటికంటె తేలికగా తప్పించుకోదగిన ఫిర్యాదు వేళలకు సంబంధించినది. గూగుల్‌లో "తెరచి ఉన్నది" అని చూసి ఎండలో వచ్చిన మనిషికి జుమా వేళ తాళం కనిపిస్తే, అతని నక్షత్రాలు ఎన్నో ఊహించవచ్చును. శుక్రవారపు విరామాన్ని, రంజాన్ వేళలను, రెండు పండుగల సెలవులను ముందుగానే అందులో మార్చుకొనే వీలున్నది. అందుకు దుకాణపు ఖాతా యజమాని చేతిలో ఉండాలి. ఖాతా తెరచి ఇచ్చిన కుర్రవాడు గల్ఫుకు వెళ్లిపోతే, అతనితోపాటు పాస్‌వర్డు కూడ వెళ్లిపోతుంది.