అన్నంలో దాగిన దొంగ

హోటల్లో నలుగురు మిత్రులు భోంచేశారనుకోండి. ఇల్లు చేరి రెండు గంటలైనా కాకముందే ముగ్గురికి వాంతులు పట్టుకున్నాయి. నాలుగోవాడు నిక్షేపంగా ఉన్నాడు. మీరే పరిశోధకులైతే ముందు ఎవరిని ప్రశ్నిస్తారు?

జబ్బుపడ్డవాళ్లనే అంటారు కదూ! అది సగం పనే. బాగున్నవాణ్ణి కూడా అడగాలి. వాళ్లు ముగ్గురూ తిని, ఇతడు తిననిది ఏమిటి? ఇలా ఆ పూట అక్కడ తిన్నవారినందరినీ అడిగి, ఒక్కో వంటకం తిన్నవారిలో ఎందరు జబ్బుపడ్డారో, తిననివారిలో ఎందరో పట్టిక వేస్తారు. గడియారం కూడా సాక్ష్యం చెబుతుంది. సాల్మొనెల్లా అనే బాక్టీరియా అయితే పొట్టలో చేరి పెరగాలి కాబట్టి సాధారణంగా 12 గంటలైనా పడుతుంది. రెండు గంటల్లోనే వాంతులంటే, విషం తిండిలో ముందే తయారై ఉందన్నమాట.

1971 నుంచి బ్రిటన్‌లో ఇలాంటి సంఘటనలు వరసగా బయటపడ్డాయి. చాలావరకు చైనా వంటకాల హోటళ్లతో ముడిపడినవే. మీరైతే రొయ్యల్నో కోడిమాంసాన్నో అనుమానించేవారు. తీరా దొరికిన దొంగ ఉన్నది వేయించిన అన్నంలో! దాని పేరు బాసిల్లస్ సీరియస్.

ఉడికించి, పైగా వేయించిన అన్నంలో అదెలా బతికింది? ఇది నేలలో ఉండే బాక్టీరియా. అక్కడి నుంచే బియ్యంలోకి చేరుతుంది. గడ్డుకాలంలో గట్టి కవచం తొడుక్కుని సిద్ధబీజంగా మారుతుంది. మరిగే నీళ్లలో కూడా కొన్ని సిద్ధబీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తి, వేగంగా పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మహా మొండిది. 121 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గంటన్నర ఉంచినా చెడదు. ఇక బాణలిలో నాలుగు నిమిషాలు వేయిస్తే దానికేం లెక్క!

ఆ హోటళ్లలో ఒకేసారి బోలెడంత అన్నం వండి, వార్చి, రాత్రంతా వంటగదిలోనే వదిలేసేవారు. ఫ్రిజ్‌లో పెడితే మెతుకులు ముద్దకట్టి, వేయించేటప్పుడు విడిపోవని వంటవాళ్ల బాధ. పొడిపొడిగా వేగిన అన్నం ఇష్టపడేవాళ్లెవరూ వాళ్లను తిట్టలేరు లెండి. ఆ అన్నం చాలాసార్లు వాసన కూడా రాదు, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది.

అదృష్టవశాత్తు రోగుల్లో ఎక్కువమంది ఒక్కరోజులోనే కోలుకున్నారు. హోటళ్లవారికి శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయం ఇదీ: కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు వండండి. వండినది 63 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉంచండి. లేదా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో కన్నా వెడల్పు పళ్లెంలో పలచగా పరిచిన అన్నం ఎంతో ముందు చల్లారుతుంది. కావాలంటే ఈ రాత్రి మీ ఇంట్లోనే రెండింటిలో అన్నం వేసి, ఏది ముందు చల్లారిందో అమ్మతో కలిసి చూడండి.