డబ్బా ఏది బాబూ?

108 బండి దిగగానే ఈఎంటీ అడిగిన మొదటి మాట అది. ఆ డబ్బాని అప్పటికే నేను కాలవలోకి విసిరేశాను, కోపంతో.

మిరపతోటలో నల్లతామర కనబడితే మా గుంటూరు వైపు రైతుకు నిద్ర పట్టదు. 2021లో అది తోటలకు తోటలే ఎండగొట్టింది. అప్పట్నుంచి ఒక మందు పనిచేయకపోతే రెండు కలుపుతున్నారు, రెండూ పనిచేయకపోతే మూడు. మా బాబాయ్ కూడా అంతే. గాలికి ఎదురు నడుస్తూ, చొక్కా తడిసేదాకా ట్యాంకు మీద ట్యాంకు కొట్టి గట్టు మీద కూలబడ్డాడు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత.

"ఎండదెబ్బ" అన్నారొకరు. "ఉప్పునీళ్ళు పట్టి కక్కించండి" అన్నారింకొకరు. నేను 108కి ఫోన్ చేశాను. ఊరు, మండలం, దగ్గర్లో గుడో బడో చెప్పమన్నారు. పొలానికి అడ్రస్ ఏముంటుంది? డొంక మొదట్లో ఉన్న వాటర్ ట్యాంకు గుర్తు చెప్పాను. ముందురోజు వాన, నల్లరేగడి. బండి డొంకలోకి దిగదు. ట్రాక్టర్ ట్రక్కులో పడుకోబెట్టి రోడ్డు మీదకి చేర్చాం.

ఈఎంటీ గ్లవ్స్ వేసుకుని ముందు ఆ చొక్కా కత్తిరించి పారేశాడు. ఒళ్ళు సబ్బునీళ్ళతో కడిగించి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, గొంతులో చేరిన చొంగ మిషన్‌తో లాగాడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని కాల్ సెంటర్ డాక్టర్‌తో మాట్లాడుతూనే ఉన్నాడు. వీళ్ళు డాక్టర్లు కాదు. డాక్టర్ ఫోన్‌లో చెప్పిన మందు, చెప్పినంత ఇస్తారు. ఆ డాక్టర్ కూడా అడిగింది అదే: ఏం మందు?

నాకు మూత రంగు తప్ప ఏమీ గుర్తు లేదు. చివరికి తమ్ముడు కాలవలో దిగి డబ్బా తీసి, లేబుల్ ఫొటో వాట్సాప్ చేశాడు. ఆర్గనోఫాస్ఫేట్. లక్షణాలు చూసి వాళ్ళు అనుకున్నదే. అట్రోపిన్ ఎక్కించారు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా డోసు మీద డోసు పడుతుందట దానికి.

అదే డబ్బా పారాక్వాట్ గడ్డిమందుది అయ్యుంటే? దానికి విరుగుడే లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి. లేబుల్ సంగతి తెలిసుంటే నేను డబ్బా విసిరేవాణ్ణి కాదు. దాని మీద డైమండ్ గుర్తులో కింది త్రికోణం చూడండి: ఎరుపైతే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. విరుగుడు కూడా లేబుల్ మీదో, లోపలి కాగితం మీదో ఉంటుంది. అక్షరాలు చీమ తలకాయంత, నిజమే. ఫోన్‌లో జూమ్ చేసుకోవచ్చు. ఉప్పునీళ్ళు మాత్రం వద్దు. కక్కిస్తే విషం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం.

108 హైదరాబాద్‌లో మొదలైంది 2005 ఆగస్టు 15న. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 108, 104 కలిపి 1,088 బండ్లకు జెండా ఊపారు. బండ్లు అందరికీ కనబడతాయి. బండిలో మనిషి సంగతి వేరు. పన్నెండు గంటల డ్యూటీ వద్దు, ఎనిమిది గంటలు చాలని వీళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. నర్సుకు, ఫార్మసిస్టుకు రిజిస్ట్రేషన్ కౌన్సిళ్ళు ఎప్పట్నుంచో ఉన్నాయి. పారామెడిక్ పేరు చట్టంలోకి ఎక్కింది 2021లో, అలైడ్ హెల్త్‌కేర్ చట్టంతో. పదకొండో గంటలో ఉన్న మనిషి చేతిలో బాబాయ్ ప్రాణం ఉందని ఆ రోజు నాకు తట్టలేదు.

ఇంకో మాట. విషం కేసులన్నీ చేలో జరిగినవే కావు. ఇంట్లోవాళ్ళు పోలీసు కేసు భయంతో "పొరపాటున తాగాడు" అంటారు. ఈఎంటీకి నిజం చెప్పండి. ఏది, ఎంత, ఎప్పుడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తుంది, శిక్షించమనదు. ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంటే టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

బాబాయ్ తిరిగొచ్చాడు. ఇప్పుడూ మందు కొడుతున్నాడు, కొట్టక ఏం చేస్తాడు? మూత తీసేముందు లేబుల్ ఫొటో నాకు పంపుతాడు. కింద ఏమీ రాయడు. మొన్న పంపినదాంట్లో త్రికోణం పసుపు.