తాబేలు ఒడ్డుకు వచ్చే వేళ.. దీపం ఆర్పి చూద్దాం

జనవరి మొదలుకొని ఏప్రిల్ దాకా విశాఖపట్నం సాగర తీరంలో తెల్లవారుజామున నడకకు వెళ్లేవారికి అప్పుడప్పుడు ఇసుకలో ఒక వింత జాడ కనిపిస్తుంది. చిన్న ట్రాక్టర్ చక్రం దొర్లించినట్టు ముప్పావు మీటరు వెడల్పున, నీటి అంచు నుంచి పైకి వెళ్లి మళ్లీ నీటిలోకి దిగిన గీతలు. రాత్రి ఒక ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి వెళ్లిందనడానికి అదే గుర్తు. చాలాసార్లు ఆ జాడ పై చివరన గుండ్రంగా కలియదున్నినట్టున్న ఇసుక ఉంటుంది. దాని కింద గుడ్లుంటాయి. కొన్నిసార్లు మాత్రం జాడ పైకి వెళ్లి, తవ్విన ఆనవాలేమీ లేకుండానే వెనక్కి తిరుగుతుంది. అంటే తాబేలు ఒడ్డుకు వచ్చింది, ఏదో నచ్చక గుడ్లను కడుపులోనే మోసుకుంటూ వెళ్లిపోయింది. ఇసుక మరీ పొడిగా ఉండటం, వేళ్లు అడ్డు తగలడం వంటి కారణాలు ఉండొచ్చు. మనుషుల అలికిడి, టార్చి వెలుగు కూడా ఆ కారణాల్లో ఉంటాయి.

సముద్ర తాబేళ్లను చూడాలన్న ఆసక్తి ఏటా పెరుగుతోంది. అది మంచిదే. అయితే చూడటానికి వెళ్లినవారే తాబేలును వెనక్కి పంపేసే ప్రమాదం ఉంది. 2015 సెప్టెంబరులో కోస్టారికాలోని ఒస్టియోనల్ తీరంలో అదే జరిగింది. సామూహికంగా గుడ్లు పెట్టేందుకు వచ్చిన ఆలివ్ రిడ్లేల మధ్యకు వందల మంది పర్యాటకులు దూసుకెళ్లారు. ఫొటోల కోసం కొందరు పిల్లల్ని తాబేళ్ల వీపులపై కూర్చోబెట్టారు. చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోయాయి.

మన తూర్పు తీరానికి ఇది దూరపు కథ కాదు. ప్రపంచంలో ఆలివ్ రిడ్లేలు లక్షల సంఖ్యలో ఒకేసారి ఒడ్డుకు చేరే కొద్ది చోట్లలో ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య తీరానికే దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఇలాంటి సామూహిక రాక ఉండదు. విశాఖ, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్, కృష్ణా డెల్టా తీరాల్లో అవి ఒక్కొక్కటిగా వచ్చి గూళ్లు పెడతాయి. గుంపులో ఒక తాబేలు బెదిరితే చుట్టూ వేల తాబేళ్లుంటాయి. విశాఖలో మాత్రం ఆ రాత్రి ఆ ఇసుక మీదకు వచ్చింది అదొక్కటే కావొచ్చు.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చూడాలి

ఒడ్డెక్కే తాబేలు నీటి అంచున కాసేపు ఆగుతుంది. అక్కడి నుంచి గుంత తవ్వే వరకు అది ఎంతో అప్రమత్తంగా ఉంటుంది. కదిలే నీడ కనిపించినా, వెలుగు పడినా వెనక్కి మళ్లుతుంది. కాబట్టి అది కనిపించగానే చేయాల్సిన పని, ఉన్నచోటే కూర్చుండిపోవడం. వెనుక కాళ్లతో అది కూజా ఆకారంలో సుమారు 45 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వుతుంది. తవ్వేటప్పుడు చూపు సాయం ఉండదు. కాళ్ల స్పర్శతోనే అంత నున్నగా తవ్వడం నిజంగా చూడదగ్గ పనితనం. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అది దాదాపు మైకంలో ఉన్నట్టుంటుంది. అప్పుడు, అదీ అనుభవమున్న వారి వెంట, వెనుక వైపు నుంచి మాత్రమే దగ్గరకు వెళ్లొచ్చు. వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆపై శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ పొట్ట డిప్పతో ఇసుకను దిమ్మిస చేస్తుంది. మొత్తం తతంగం సుమారు గంటలో ముగుస్తుంది.

ఆ సమయంలో దాని కళ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి. పురిటి నొప్పులకు ఏడుస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒంట్లో చేరిన అదనపు ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు బయటకు పంపే తీరు అది. సముద్రంలో ఉన్నప్పుడూ అవి అదే పని చేస్తాయి. కాకపోతే నీటిలో ఆ కన్నీరు మనకు కనిపించదు.

వెలుగుతోనే అసలు చిక్కు

గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు, తక్కువైతే మగ పిల్లలు పుడతాయి. పైన ఇసుక చల్లబడ్డాక, అంటే ఎక్కువగా రాత్రివేళ, పిల్లలన్నీ కలిసి బయటకు వస్తాయి. అరచేతిలో సగం కూడా నిండని ఆ ప్రాణులకు సముద్రం ఎటు ఉందో చెప్పే తల్లి అక్కడ ఉండదు. వాటికి తెలిసిన సూత్రం ఒక్కటే. దిగంతంలో కిందుగా, ఎటు ఎక్కువ వెలుగుంటే అటు నడవడం. లక్షల ఏళ్లుగా ఆ సూత్రం తప్పలేదు. నేలవైపు ఇసుక దిబ్బలు, చెట్లు నల్లగా కనిపిస్తే, ఆకాశపు వెలుగును ప్రతిఫలించే సముద్రం కాస్త తెల్లగా ఉండేది. నీటిలో దిగాక మొదట అలలకు ఎదురీదుతాయి. లోపలికి వెళ్లాక భూమి అయస్కాంత క్షేత్రం దారి చూపుతుంది. ఈ రెండు దిక్సూచుల దాకా చేరాలంటే ముందు వెలుగనే దిక్సూచి సరిగా పనిచేయాలి.

బీచ్ రోడ్డు దీపాలు దాన్నే తారుమారు చేస్తాయి. దారి తప్పిన పిల్లలు రోడ్డు వైపు నడిచి వాహనాల కింద పడతాయి, లేదా ఎండెక్కేదాకా ఇసుకలో తిరిగి నీరసించిపోతాయి. ఒంట్లో మిగిలిన పచ్చసొనే తొలి రోజుల ఈతకు వాటి ఇంధనం. అది ఒడ్డు మీదే ఖర్చయిపోతుంది.

వెలుగులన్నీ ఒకటి కావు. తాబేలు కంటికి నీలం, ఆకుపచ్చ రంగులు బాగా ఆనతాయి. సుమారు 560 నానోమీటర్లు దాటిన కాషాయ, ఎరుపు కాంతుల ప్రభావం తక్కువ. తెల్లగా కనిపించే ఎల్‌ఈడీ కాంతిలో 450 నానోమీటర్ల దగ్గర నీలం పాలు గట్టిగా ఉంటుంది. గాలిలో ఎక్కువగా చెదిరేదీ ఆ నీలమే. పట్టణం మీది ఆకాశం పాలిపోయినట్టు కనిపించడంలో దాని వంతు ఉంది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖ వీధి దీపాలు ఎల్‌ఈడీలుగా మారాయి. విద్యుత్తు ఆదా అయింది, ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. కానీ తీరం వెంబడి దీపాలకు తొడుగులు పెట్టి వెలుగును రోడ్డు మీదకే దించడం, ఈ నాలుగు నెలలు కాషాయ రంగు దీపాలు వాడటం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

సందర్శకుల చేతిలో ఉండే దీపం మొబైల్. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్‌కు మించదు. మొబైల్ టార్చి మీటరు దూరంలో దానికి పదుల రెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది. ఫ్లాష్ సంగతి చెప్పనక్కర్లేదు. దీపం లేకపోతే ఏం కనిపిస్తుందన్నది సహజమైన ప్రశ్నే. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మొబైల్ తెర ఒక్కసారి వెలిగినా ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఓపిక పట్టినవారికి నక్షత్రాల వెలుగులోనే తడి ఇసుక, అలల నురుగు, పరుగెత్తే పీతలు కనిపించడం మొదలవుతుంది. ఆ పీతల్లో కొన్ని తాబేలు పిల్లల్ని పట్టుకుంటాయి కూడా. అందులో జోక్యం అవసరం లేదు. తప్పనిసరైతే టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి నేలవైపే పట్టుకోవాలి.

చెన్నైలో 1988 నుంచి విద్యార్థుల సముద్ర తాబేళ్ల సంరక్షణ బృందం రాత్రి నడకలు నిర్వహిస్తోంది. నగరవాసులు వారి వెంట కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడుస్తారు. చాలా రాత్రులు తాబేలు కనిపించదు, అయినా మళ్లీ వస్తారు. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని వేళాస్ గ్రామం మరో దారి చూపింది. అక్కడ పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజుల్లో వచ్చే సందర్శకులకు ఊరివాళ్లే తమ ఇళ్లలో బస ఇస్తారు. గూళ్లు భద్రంగా ఉంటేనే అతిథులు వస్తారన్నది ఊరందరికీ తెలుసు.

విశాఖలోనూ అటవీ శాఖ సంరక్షణ కేంద్రాల నుంచి పిల్లల్ని వదులుతుంటారు. అక్కడికి వెళ్లినవారు పిల్లలకూ నీటికీ మధ్య నిలబడకూడదు. సెల్ఫీ కోసం చేతిలోకి తీసుకోకూడదు. గుడ్లు కనిపిస్తే కుక్కల నుంచి కాపాడాలని సొంతంగా తవ్వి ఇంటికో, వేరే చోటికో తీసుకెళ్లేవారూ ఉన్నారు. ఉద్దేశం మంచిదే అయినా ఫలితం ఉండదు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పితే అది చనిపోతుంది. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద ఇది జైలు శిక్ష పడే నేరం. అటవీ సిబ్బందికి చెప్పి, వారు వచ్చేదాకా కాపలా ఉండటం చాలు. కుక్కల బెడద తగ్గించే పని నిజానికి పగలే మొదలవుతుంది. బీచ్‌లో వదిలేసిన మొక్కజొన్న కంకులు, బిర్యానీ పొట్లాలే వాటిని అక్కడికి పిలుస్తాయి. పిల్లలు ఆడుకుంటూ తవ్విన గుంతలు పూడ్చడం, ఇసుక మీద బండి నడపకపోవడం కూడా అలాంటివే. చక్రం జాడలో పడ్డ పిల్ల తాబేలుకు అదొక లోయ.

సందర్శకులు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తీరానికి కొట్టుకొచ్చే కళేబరాలు ఆగవు. 2025 జనవరిలో తమిళనాడు తీరంలో వెయ్యికి పైగా తాబేళ్లు చనిపోయి కనిపించాయి. తాబేలు గాలి కోసం పైకి రావాలి. మరబోట్లు లాగే ట్రాల్ వలల్లో చిక్కితే ఊపిరాడదు. వలలో అమర్చే ఇనుప చట్రం, దాని మీది దారి తాబేలును బయటకు పంపేస్తాయి, కానీ వాడకం అంతంతమాత్రమే. తూర్పు తీరంలో 61 రోజుల చేపల వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది.

తాబేలును చూసినవారు ఒక మేలు చేయగలరు. ముందు కాలికి లోహపు బిళ్ల ఉందేమో గమనించి, ఉంటే దానిపై సంఖ్యను అటవీ సిబ్బందికి చెప్పడం. 2021 మార్చిలో ఒడిశాలో 03233 సంఖ్య గల బిళ్ల తొడిగిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. దేశాన్ని చుట్టి సుమారు 3,500 కిలోమీటర్లు ఈది వచ్చిందన్న సంగతి ఆ బిళ్ల చదివినందువల్లే తెలిసింది.