49 రోజుల 17 గంటలకు మళ్లీ సున్నా

ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు మీది చిప్ పేరు ఏటీమెగా328పీ. ప్రోగ్రాంకు 32 కిలోబైట్ల ఫ్లాష్, పని జరుగుతుండగా లెక్కలకు 2 కిలోబైట్ల ర్యామ్, కరెంటు పోయినా మరవకూడని సెట్టింగులకు 1 కిలోబైట్ ఈప్రామ్. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి కాబట్టి ఈ వ్యాసమే ఆ ర్యామ్‌లో పట్టదు. బోరు మోటారు వేసి ఆపడానికి మాత్రం అది చాలు, ఇంకా మిగులుతుంది.

ఇలా ఒక్క పనికే కుదిర్చిన కంప్యూటర్ ఎంబెడెడ్ సిస్టమ్. ఫ్లాష్‌లో ఉండే ప్రోగ్రాం ఫర్మ్‌వేర్. రిలేనో సెన్సార్‌నో నేరుగా నడిపే కోడ్ డ్రైవర్. నిర్వచనాలు ఇంతటితో చాలు. అసలు తంటా టైం లెక్క దగ్గర ఉంది.

స్విచ్ వేసింది మొదలు ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆర్డుయినో 32 బిట్ల కౌంటర్‌లో లెక్కపెడుతుంది. అందులో పట్టే అతిపెద్ద అంకె 4,294,967,295. అంటే 49 రోజుల 17 గంటల 2 నిమిషాల పైచిలుకు. ఆపైన పాత స్కూటర్ మీటరు 99,999 దాటినట్టే, మళ్లీ సున్నా.

సరిగ్గా ఆ తిరుగుడుకు 20 నిమిషాల ముందు మోటారు వేశారనుకోండి. 30 నిమిషాలకు ఆగాలి. ఆపాల్సిన గడువు కొత్త చుట్టులో 10వ నిమిషం దగ్గర పడుతుంది. ఇప్పటి అంకె దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ‘గడువు దాటిపోయింది’ అనుకుని ఫర్మ్‌వేర్ వేసిన మోటారును వేసినట్టే ఆపేస్తుంది. మీరేమో వైరింగ్ విప్పి చూస్తుంటారు!

ఇది చిన్న బోర్డుల జబ్బే అనుకోకండి. బోయింగ్ 787 విమానంలో జనరేటర్లను నియంత్రించే యూనిట్లు ఆపకుండా 248 రోజులు నడిస్తే కౌంటర్ పొంగి కరెంటు పోవచ్చని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ హెచ్చరించింది. సెకనులో నూరో వంతు చొప్పున 31 బిట్లు నిండటానికి పట్టేదీ దాదాపు 248 రోజులే.

మందు ఒక్క తీసివేత. ‘గడువు దాటిందా’ అని కాకుండా ‘మొదలెట్టి ఎంతసేపైంది’ అని అడగాలి: ఇప్పటి అంకెలోంచి మొదటి అంకెను తీసేయాలి. మీటరు 99,990 నుంచి 00,010కి వచ్చినా బండి తిరిగింది 20 కిలోమీటర్లే కదా.

మరి దీన్ని పరీక్షించడానికి 50 రోజులు ఎవరు కూర్చుంటారు? లినక్స్ కెర్నల్ రాసినవాళ్లు ఎదురుచూడలేదు. తమ 32 బిట్ల టైం కౌంటర్‌ను సున్నా దగ్గర కాక, నిండటానికి 300 సెకన్ల ముందే మొదలుపెట్టారు. డ్రైవర్‌లో ఈ తప్పు ఉంటే, మెషీన్ ఆన్ చేసిన 5 నిమిషాలకే బయటపడుతుంది.