ఏప్రిల్ ఫూల్: మన ఉగాదికి వెక్కిరింతా?

ఏప్రిల్ ఒకటి వస్తోందంటే బ్రిటన్‌లోని మన పిల్లలకు హుషారే. పంచదార డబ్బాలో ఉప్పు, నాన్నగారి ఆఫీసు బూట్లలో కాగితాలు... మామూలే. పెద్దల ఫోన్లకు మాత్రం ఓ సందేశం తిరుగుతుంటుంది. ఉగాది చేసుకునే మనల్ని వెక్కిరించడానికే తెల్లదొరలు ఈ రోజును పెట్టారట! ఇది నమ్మి, “మన తాతముత్తాతలను ఎగతాళి చేసే ఆట ఇది” అని పిల్లవాడికి చెబితే, బడిలో తోటివాళ్ళు సరదాగా నవ్వినా వాడికి ముల్లులా గుచ్చుకోదూ? అందుకే లెక్క చూద్దాం.

ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1600 డిసెంబరు 31న. ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగర కవి ఎడ్వర్డ్ డి డేన్ 1561లోనే ఒక హాస్య కవిత రాశాడు. అందులో ఒక ప్రభువు ఏప్రిల్ ఒకటిన నౌకరుని పనికిమాలిన పనుల మీద ఊరంతా తిప్పుతాడు. కంపెనీయే లేని రోజుల్లో, ఉగాది పేరైనా వినని ఊళ్ళో, మనల్ని వెక్కిరించిందెవరండీ?

ఫ్రాన్సు రాజు 1564లో కొత్త సంవత్సరాన్ని జనవరి ఒకటికి మార్చాడనీ, పాత లెక్క వదలని వాళ్ళే ఏప్రిల్ ఫూల్స్ అయ్యారనీ ఇంకో కథ ఉంది. రాజాజ్ఞ నిజమే. కానీ కవిత దానికంటే మూడేళ్ళు పాతది!

ఆచారాలు దేశానికొక రకం. ఫ్రాన్సులో కాగితపు చేపను ఎదుటివాడి వీపుకు అంటిస్తారు. స్కాట్లండులో మోసపోయినవాణ్ణి ‘గౌక్’ అంటారు, అంటే కోకిల. లండన్ వాళ్ళయితే 1698లోనే టవర్ కోటలో సింహాలకు స్నానం చేయిస్తున్నారని చెప్పి జనాన్ని పంపారు. పాపం, వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

వీటన్నిటికీ తాత బీబీసీ వేసిన ఎత్తు. 1957 ఏప్రిల్ ఒకటిన పనోరమా కార్యక్రమంలో, స్విట్జర్లండులో చెట్లకు కాసిన స్పగెట్టీని కోస్తున్నట్టు చూపించారు. మనకు సేమ్యా చెట్టు చూపించినట్టన్నమాట! చెప్పినాయన రిచర్డ్ డింబుల్‌బీ, మహా పెద్దమనిషి. అందుకే జనం నమ్మారు. ఆ చెట్టు ఎలా పెంచాలని ఫోన్లు చేసినవాళ్ళకు, టమాటా సాస్ డబ్బాలో ఓ స్పగెట్టీ పుల్ల గుచ్చి చూడమన్నారట.

మన బళ్ళలోకీ ఈ సరదా ఇంగ్లీషు చదువుతోపాటే వచ్చింది. సగానికి కోసిన బంగాళాదుంప మీద అక్షరాలు చెక్కి, సిరా పూసి, తెల్లచొక్కా మీద ముద్ర కొట్టడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ సిరా వదిలించలేక అమ్మ పడ్డ అవస్థ కూడా!

ఇంగ్లండులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఆట మధ్యాహ్నం పన్నెండు వరకే. ఆ తర్వాత ఏడిపించబోతే ఏడిపించినవాడే ఫూల్. ఇండియాలో తాతగారికి ఫోన్ చేసే పిల్లలూ, జాగ్రత్త! ఇక్కడ ఉదయం ఏడున్నరకే అక్కడ పన్నెండు కొట్టేస్తుంది. ఆలస్యంగా లేచారో, తాతగారే గెలుస్తారు.