ముక్కుకు వయసు మీద పడితే

డెబ్బై దాటిన పెద్దవాళ్ళున్న ఇంట్లో "ఈమధ్య కూరలన్నీ చప్పగా ఉంటున్నాయి" అనే మాట తరచూ వినిపిస్తుంది. వండినవాళ్ళు నొచ్చుకుంటారు, తిన్నవాళ్ళు ఉప్పు అడుగుతారు. ఇందులో నాలుక తప్పు కొంతే. లోటు చాలావరకు ముక్కులో ఉంటుంది.

ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు సోంపు గింజలు నమిలి చూడండి. కాస్త తీపి తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదలగానే సోంపు తెలిసివస్తుంది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే కమ్మదనం వరకే నాలుకకు తెలుసు. నోట్లో ఉన్నది గోంగూరా, చింతచిగురా అన్నది తేల్చేది నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. మన షడ్రుచుల్లో చోటున్న కారం సంగతి వేరు. అది శాస్త్రం లెక్కలో మంట. నొప్పిని, వేడిని మోసే నరాల గుండా మెదడుకు చేరుతుంది. అందుకే వాసన సరిగా తెలియని పెద్దవాళ్ళకూ మిరపకాయ ఘాటు తగులుతూనే ఉంటుంది.

ముక్కు పైభాగంలో వాసన పట్టే నాడీకణాలుంటాయి. వాటి మీద సుమారు 400 రకాల గ్రాహకాలు. ఈ గ్రాహకాల జన్యువులను శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెలుగులోకి తెచ్చారు. 2004లో నోబెల్ అందుకున్నారు. నాడీకణాల్లో ఈ వాసన కణాలు అరుదైన జాతి: పాతవి పోతుంటే కొత్తవి పుడుతుంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ పుట్టుక మందగిస్తుంది. ఏళ్ళ తరబడి తగిలిన జలుబులు, పొగ, దుమ్ము ఈ కణాలుండే పొరను దెబ్బతీస్తాయి. ముక్కుకూ మెదడుకూ నడుమ జల్లెడలా ఉండే ఎముకలోని రంధ్రాలు చాలామందిలో ఇరుకవుతాయి. వాసన నరాలు వెళ్ళేది వాటిగుండానే. నాలుక ముక్కుకన్నా మొండిది. రుచిని మూడు వేర్వేరు నరాలు మోస్తాయి గనుక అంత తేలిగ్గా లొంగదు. అయితే లాలాజలం తగ్గినా, కొన్ని రకాల మందులు వాడుతున్నా దానికీ ఇబ్బందే.

1984లో శాస్త్రవేత్త రిచర్డ్ డోటీ బృందం గీకి వాసన చూసే 40 కాగితాలతో దాదాపు రెండు వేల మందిని పరీక్షించింది. 65-80 ఏళ్ళవారిలో సగానికి పైగా, 80 దాటినవారిలో నాలుగింట మూడొంతులకు పైగా వాసన శక్తి బాగా తగ్గినట్టు తేలింది. చూపు మసకబారితే మనిషికి తెలుస్తుంది. వాసన మాత్రం ఏళ్ళ మీద, చెప్పాపెట్టకుండా జారిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వంటగ్యాస్. సిలిండర్ గ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే కంపు రసాయనం కలుపుతారు. 1986లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పాఠకులకు పంపిన ఆరు వాసనల్లో అదీ ఉంది. దాదాపు 15 లక్షల జవాబులొచ్చాయి. దాన్ని పసిగట్టే శక్తి వయసుతో పడిపోయిందని వాటిలో బయటపడింది. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో గ్యాస్ లీకు అలారం పెట్టించడం అవసరం. పాచిపోయిన పప్పు, విరగబోతున్న పాలు కూడా వాళ్ళ ముక్కుకు అందకపోవచ్చు.

ఇక పళ్ళెం సంగతి. చప్పగా ఉందనగానే ఉప్పు గుమ్మరించడం బీపీ ఉన్నవాళ్ళకు హాని. రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పెంచాల్సింది వాసన. ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు దండిగా వేసి వేడివేడిగా వడ్డిస్తే ముక్కుకు అందేది పెరుగుతుంది. నిమ్మరసం పిండితే పులుపు నాలుకను లేపుతుంది. ఉన్నట్టుండి వాసన పోయినా, ఆకలి తగ్గి మనిషి చిక్కిపోతున్నా డాక్టరుకు చూపించాలి. పార్కిన్సన్స్ జబ్బులో వణుకు కన్నా ఏళ్ళ ముందే వాసన తగ్గడం కద్దు.

ముక్కుకు సాధన కూడా ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం వాసన శక్తి కోల్పోయినవారికి గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు చూపించింది. సాధన చేయనివారితో పోలిస్తే వీరిలో కొందరికి మెరుగు కనిపించిందని 2009లో ప్రకటించింది. అందరికీ ఫలిస్తుందని కాదు గానీ, ఆ నాలుగూ మన ఇళ్ళల్లో దొరికేవే.