జీతమే కాదు... దారీ అడగాలి!

పసుపు కొనేముందు ఆర్మూరు వ్యాపారి కొమ్ము విరిచి చూస్తాడు. అదే ఊరి నుంచి విదేశీ కొలువుకు బయల్దేరేవాళ్లు జీతం ఒక్కటే చూసి విమానమెక్కితే ఎలా? గల్ఫ్ సంగతి సరే, కిడ్నాప్‌లు ఎక్కువగా జరిగే దేశమైతే!

2006 ఏప్రిల్ 28న హైదరాబాద్‌కు చెందిన టెలికాం ఇంజినీర్ సూర్యనారాయణను అఫ్గానిస్థాన్‌లోని జాబుల్ ప్రావిన్సులో తాలిబన్లు ఎత్తుకెళ్లారు. రెండురోజులకే ఆయన శవమై కనిపించారు. 2015 జులైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇద్దరు తెలుగు అధ్యాపకులు స్వదేశానికి బయల్దేరి, మధ్యలో బందీలయ్యారు. విడుదలయ్యేసరికి ఏడాది దాటింది. ఈ రెండు ఘటనలూ జరిగింది పనిచేసే చోట కాదు... దారిలో!

అందుకే సంతకం పెట్టేముందే కంపెనీని అడగాలి. బస నుంచి పనిచోటికి ఎలా తీసుకెళ్తారు? రాత్రి ప్రయాణాలుంటాయా? రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో వెళ్లాలా? ఫోన్ అందకపోతే ఎంతసేపటికి, ఎవరు వెతుకుతారు? పరిస్థితి చెడితే వెనక్కి పంపే ఖర్చు ఎవరిది?

విదేశాంగశాఖ హెచ్చరికలు చూసుకోవాలి. అక్కడ దిగగానే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ఇంటివాళ్ల దగ్గరా ఆ ఫోన్ నంబర్లు ఉండాలి. అడిగినవాటికి కాగితం మీద జవాబివ్వని కంపెనీ... ఎంత జీతమిస్తానన్నా ఆలోచించాల్సిందే!